అడిగి చెప్తాను

ఆయన మిల్లు నుంచి వచ్చి చొక్కా మేకుకి తగిలించి కాళ్లు కడుక్కున్నారు. నేను కత్తిపీట ముందు కూర్చుని ఆనపకాయ తరుగుతున్నాను. గుమ్మంలో నిలబడి, "గణపతి కలిసినాడు నీలా. ఉద్యోగం నీకు రాలేదంట. గొంతు బాగోలేదన్నారంట" అన్నారు. తర్వాత దగ్గరికొచ్చి తల మీద చెయ్యి వేసి, మనసులో పెట్టుకోవద్దని, అందరికీ అన్నీ రావని చెప్పారు. నేను తల ఊపి, తరగాల్సిన దానికంటే సన్నగా తరిగేశాను. కూర ముద్దయిపోయిందని అన్నాల దగ్గర మా అత్త జగ్గమ్మ అంది. ఆయన మాత్రం ఏమీ అనకుండా రెండుసార్లు వేయించుకున్నారు.

అప్పట్లో మేం నెల్లిమర్లలో ఉండేవాళ్లం. అరవై ఏడో సంవత్సరం. మా ఆయన నరసింగరావు జనపనార మిల్లులో గుమాస్తా. గోగునార కొనుగోలు పని మీద చీపురుపల్లి, పొందూరు వైపు తరచు తిరిగేవారు. పెళ్లికి ముందే నేను ఎస్సెల్సీ పాసయ్యాను. మా పాప పద్మకుమారికి అప్పుడు నాలుగేళ్లు. విజయనగరం టెలిఫోను ఆఫీసులో ఆడవాళ్లని ఆపరేటర్లుగా తీసుకుంటున్నారని పేపర్లో చూసి నేనే ఆయన్ని అడిగాను. ఆయన వద్దనలేదు. ఆయన దేనికీ ఎప్పుడూ వద్దనరు. నీలవేణి మొగుడు దేవుడని మా వీధిలో అందరూ అనేవారు, నేనూ అనుకునేదాన్ని. ఇంటర్వ్యూకి ఆయనే తోడొచ్చి బయట బెంచీ మీద కూర్చున్నారు. లోపల ఇద్దరు మగ ఆఫీసర్లు, పరంజ్యోతి గారని ఒక ఆడ సూపర్‌వైజరు. నా చేత పేపరు చదివించారు. పక్క గదిలోంచి ఫోనులో అంకెలు చెప్పించారు. ఆ తర్వాత ఇంటి సంగతులేవో అడిగితే నేనూ ఏవో చెప్పాను. బయటికొచ్చాక పేపర్లో చదివింది గుర్తుంది, అంకెలు గుర్తున్నాయి, ఇంటి సంగతులు మాత్రం గుర్తులేవు. అవి ప్రశ్నలని నాకు తోచనే లేదు.

గొంతన్నారు కాబట్టి గొంతుని పట్టుకున్నాను. నేను మా ఊరి మాటే మాట్లాడతాను, కంగారులో 'సెప్పండి' అనేసి ఉంటాను, నవ్వుకుని ఉంటారు అనుకున్నాను. పొద్దున్నే ఉప్పునీళ్లు పుక్కిలించేదాన్ని. పాలల్లో మిరియాల పొడి వేసుకుని తాగేదాన్ని. పప్పు రుబ్బుతూ, అంట్లు తోముతూ, పాపకి తల దువ్వుతూ అంకెలు పైకి చదివేదాన్ని. 'చ' పలికినప్పుడల్లా నాలుక ఎక్కడుందో చూసుకునేదాన్ని. మా అత్తకి అది నచ్చలేదు. "ఏటే ఆ కేకలు? ఈదిలోకి ఇనిపిస్తన్నాది. కోడలికి ఏదో పట్టినాదనుకుంటారు" అనేది. ఆయన నవ్వేవారు. ఒకసారి బజారు నుంచి వస్తూ పొట్లం కట్టించి పటికబెల్లం తెచ్చారు. బుగ్గన పెట్టుకుంటే గొంతు సాఫీగా ఉంటుందని ఒక ముక్క తన చేత్తోనే నా నోట్లో పెట్టారు. అంత ప్రేమగా చూసుకునే మనిషి దొరికినందుకు నాకు కళ్లు తడయ్యాయి కూడా.

గణపతిరావు టెలిఫోను ఆఫీసులో గుమాస్తా. మా ఆయనకి చిన్నప్పటి స్నేహితుడు. ఆయన భార్య పార్వతి ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చి కాఫీ తాగుతూ, పెద్ద విశేషమేమీ కానట్టు ఓ మాట అంది. "ఉద్యోగం పోతే పోనాది గానీ నీలా, అందర్లోనీ నీ గొంతే నచ్చినాదంట వోల్లకి. మా ఆయన అన్నాడు." నేను గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్లి కడిగాను. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగాను. ముందు పార్వతినే అనుమానించాను. నన్ను ఓదార్చడానికి అంటోందేమో. తర్వాత గణపతిరావుని అనుమానించాను. ఇంట్లో ఒకటి, స్నేహితుడి దగ్గర ఒకటి చెప్పే మనిషేమో. ఆ తర్వాత ఆఫీసర్లని. తమవాళ్లనెవరినో తీసుకుని, నాకు ఏదో ఒక వంక పెట్టి ఉంటారు. ఇలా అందరినీ ఒక్కొక్కరినే తలుచుకుంటూ పోయాను. మా ఆయన దగ్గరికి వచ్చేసరికి నా ఆలోచన తనంతట తనే పక్కకి తిరిగిపోయేది. అలా తిరిగిపోతోందని గమనించాక మరి నిద్ర పట్టలేదు.

మర్నాడు అన్నం వడ్డిస్తూ, పార్వతి ఇలా అందని మామూలుగా చెప్పాను. ఆయన తల ఎత్తలేదు. "ఆడోల్ల మాటలు, ఏటి పట్టించుకుంటావు" అని పులుసు కలుపుకున్నారు. రోజూ మజ్జిగన్నం తిన్నాక కాసేపు కూర్చుని మిల్లు కబుర్లు చెప్పే మనిషి, ఆ రోజు మజ్జిగ పోసుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నారు. అంతకంటే ఏమీ జరగలేదు. ఎవరికైనా చెబితే, మజ్జిగ పోసుకోకపోవడం కూడా ఒక సాక్ష్యమేనా అని నవ్వుతారు. కానీ ఆ రోజు నుంచి నేను ఆయన్ని చూడటం మొదలుపెట్టాను. భార్యగా చూడటం వేరు, ఇది వేరు. చెప్పులు విప్పే తీరు, కబురు చెప్పే ముందు కండువా సర్దుకునే తీరు, నేను పైకి అంకెలు చదువుతున్నప్పుడు పేపరు వెనక ఆయన ముఖం. పటికబెల్లం అయిపోతే అడగకుండానే ఇంకో పొట్లం తెచ్చారు. నేను అది బుగ్గన పెట్టుకోలేదు. పాపకిచ్చేశాను.

పాపకి చెవి పోటుగా ఉందని, విజయనగరం పెద్దాసుపత్రిలో చూపించుకొస్తానని మా అత్తకి చెప్పి బస్సెక్కాను. చెవి పోటు లేదు. ఏడేళ్ల కాపురంలో నేను ఆడిన మొదటి అబద్ధం అదేననుకుంటాను. టెలిఫోను ఆఫీసు మెట్ల మీద పాపని ఎత్తుకుని నిలబడ్డాను. భోజనాల వేళకి పరంజ్యోతి గారు కారేజీ పట్టుకుని బయటికొచ్చారు. తెల్లచీర, చేతికి గడియారం, మెడలో సన్నటి గొలుసుకి చిన్న శిలువ. నన్ను గుర్తుపట్టి వరండాలో కూర్చోబెట్టారు. ఎక్కడ తప్పానో చెబితే దిద్దుకుని మళ్లీ ప్రయత్నిస్తానని, గొంతు బాగు చేసుకుంటున్నానని చెప్పాను.

"నీ గొంతుకేమమ్మా, బంగారంలా ఉంది" అన్నారావిడ. కారేజీ పక్కన పెట్టి నా వైపు తిరిగారు. "ట్రైనింగుకి విశాఖపట్నం వెళ్లాలి, వెళ్తావా అన్నాం. మావారిని అడిగి చెప్తానన్నావు. రాత్రి ఎనిమిదింటి దాకా డ్యూటీ పడితే? అడిగి చెప్తానన్నావు. పండగ రోజున రమ్మంటే? అదే మాట. పోనీ, ఈ ఉద్యోగం చెయ్యాలని నీకుందా అని నేనే అడిగాను. దానికీ అడిగి చెప్తానన్నావమ్మా. ఉద్యోగం ఈ అమ్మాయికివ్వాలా, బయట బెంచీ మీదున్నాయనకివ్వాలా అని ఆఫీసరు నవ్వాడు."

పాప నా జడ కొస పట్టుకుని లాగుతోంది. ఆవిడ గొంతు తగ్గించి, నేను పనికొస్తాననిపించి ఊరుకోలేక, ఉద్యోగం ఎందుకు రాలేదో తనే గణపతిరావుకి చెప్పానని, ఆ తర్వాత మా ఆయన ఏదో పని మీద ఆఫీసుకొచ్చినప్పుడు తన ముందే గణపతిరావు ఆయనకి చెప్పాడని అన్నారు. "ఈసారి వచ్చినప్పుడు తన మాట తనే చెప్పమనండి, తప్పకుండా వస్తుందన్నాను. మీవారు తల కూడా ఊపారు. నీకు చెప్పలేదా?"

"చెప్పారండీ. నేనే మర్చిపోయాను" అన్నాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ మాటకే నాకు ఎక్కువ సిగ్గేసింది. ఆయన దాచిన దాన్ని నేను ఇంకా చీర కొంగుతో కప్పుతున్నాను. ఎందుకు దాచారన్న ప్రశ్న నెల్లిమర్ల వచ్చేదాకా వదల్లేదు. ఉద్యోగం ఇష్టం లేకపోతే వద్దనొచ్చు. వద్దంటే నేను మానేసేదాన్ని, అది ఆయనకి తెలుసు. కానీ వద్దంటే దేవుడు కాకుండా పోతారు. నా గొంతు బాగోలేదంటే ఎవరికీ ఏ నష్టమూ లేదు, నేను ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ ఉంటాను. నేను అడిగి చెప్తాననే మనిషినని ఎవరో తప్పు పట్టారంటే మాత్రం, నేను ఆ తప్పు దిద్దుకోవచ్చు. దిద్దుకుంటే పొద్దున్నే ఏం కూర చెయ్యమంటారని ఆయన్ని ఎవరడుగుతారు? నా తప్పు ఆయనకి సుఖంగా ఉంది. అందుకే దాన్ని నా నుంచి దాచి భద్రంగా ఉంచారు.

ఆయన్ని నిలదీయలేదు. నిలదీస్తే గణపతిరావుదీ పరంజ్యోతి గారిదీ తప్పయిపోతుంది, ఆయన నా తల మీద చెయ్యి వేస్తారు. నా సంగతి నేను చూసుకోవాలనుకున్నాను. అప్పుడు తెలిసింది, అది గొంతు బాగు చేసుకోవడం కంటే ఎంత కష్టమో. కూరగాయలమ్మే ఆమె వచ్చి బెండకాయలు కావాలా అంటే నా నోట్లో 'అడిగి' అన్న మాట సిద్ధంగా ఉండేది. గాజులమ్మే అసిరమ్మ వస్తే అదే మాట. పాప జాకెట్టు గుడ్డ రంగుకీ అదే మాట. పళ్లు బిగించి బెండకాయలు కొన్నాను. అడగకుండా వండాను. మా అత్త పళ్లెం వైపు చూసి, "నర్సింగుని అడగలేదేటే?" అంది. అడగలేదత్తా, నాకు తినాలనిపించింది అన్నాను. ఆవిడ ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆగింది. "నాకూ బెండకాయంటే ఇష్టమే" అని తినేసింది. అన్నేళ్లలో ఆవిడకి ఏది ఇష్టమో నేనెప్పుడూ వినలేదు.

మరుసటేడు మళ్లీ ప్రకటన పడింది. ఆ సాయంత్రమే ఆయన కండువా సర్దుకుని, ఈసారి పెళ్లయినవాళ్లని తీసుకోరని గణపతి అన్నాడని చెప్పారు. అలాగా అన్నాను. మర్నాడు దరఖాస్తు పెట్టాను. పిలుపు వచ్చింది. ఆయన చాలా సంతోషించారు, గణపతికి ఏదీ సరిగ్గా తెలీదన్నారు, మళ్లీ తోడొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. లోపల ముగ్గురిలో ఒక ఆఫీసరు కొత్తాయన. విశాఖపట్నం వెళ్తానన్నాను. ఎనిమిదింటి దాకా ఉంటానన్నాను. పండగకీ వస్తానన్నాను, తర్వాత సెలవిస్తారు కదా అని కూడా అడిగాను. కొత్తాయన కళ్లజోడు తీసి, ఇవన్నీ ఇంట్లో అడిగావా అమ్మా అన్నాడు. "అడగలేదండీ. వెళ్లి చెప్తాను" అన్నాను. పరంజ్యోతి గారు తల దించుకుని కాగితం మీద ఏదో రాసుకున్నారు.

ఆర్డరు వచ్చిన రోజు ఆయన మిల్లులో అందరికీ జిలేబీలు పంచారు. తన భార్యని తనే ప్రోత్సహించి ఇంతదాన్ని చేశానని చెప్పుకున్నారట. ఆ మాట నాకు ఎవరూ మోసుకు రాలేదు, మిల్లు గేటు దగ్గర నేనే విన్నాను. ట్రైనింగుకి వెళ్లే ముందు పొందూరు వెళ్లి అమ్మని చూసొస్తానన్నాను. అమ్మని చూసి రెండేళ్లు దాటింది. ఆయన కండువా సర్దుకుని, మొన్న గోగునార కొనుగోలుకి వెళ్లినప్పుడు మీ అమ్మని కలిశాను, ఇప్పుడు ఇల్లు ఇరుకుగా ఉంది, నీలని కొన్నాళ్లు రావద్దని చెప్పమంది అన్నారు. ఎంతో జాలిగా అన్నారు. పోయినేడూ అలాగే అన్నారు, అంతకు ముందేడూ అలాగే. అమ్మకి చదువు రాదు, ఉత్తరం రాయదు. అమ్మ రావద్దందని రెండేళ్లుగా నేను పంతం పట్టి ఊరుకున్నాను. అన్నీ తలుచుకుంటూ కూర్చుంటే తెలిసింది, డాక్టరు అన్నదీ, వదిన అన్నదీ, మిల్లు మేనేజరు భార్య నా గురించి అన్నదీ, లోకం నాతో ఏం మాట్లాడిందో అదంతా నేను ఆయన నోటినుంచే విన్నాను. ఎవరి ముందూ నిలబడి, నువ్విలా అన్నావా అని అడగలేదు.

ఆదివారం పొద్దున్నే పాపకి కొత్త గౌను తొడిగి సంచీ సర్దుకున్నాను. గుమ్మంలో ఆయన, మీ అమ్మ రావద్దందని చెప్పాను కదా నీలా అన్నారు. అవునండీ, అందో లేదో కనుక్కుని వస్తాను అన్నాను. ఆయన ముఖం నేను చూడలేదు. చూడాలనిపించలేదు. మా అత్త లోపల్నించి వచ్చి పాప చేతిలో ఒక అరటిపండు పెట్టి, బండికి ఆలస్యమైపోతున్నాది, ఎల్లు అంది.

ప్యాసింజరు దిగి పొందూరు వీధిలో పాపని నడిపించుకుంటూ వెళ్లాను. అమ్మ నిజంగానే అని ఉంటే? అప్పుడు నా అనుమానమే నన్ను తినేస్తుంది. అమ్మ అరుగు మీద రాట్నం ముందు కూర్చుని ఉంది. చిక్కిపోయింది. నన్ను చూసి చక్రం ఆపింది కానీ లేవలేదు. పాపని చూసింది, చేతులు మాత్రం చాచలేదు. తప్పు చేసినదానిలా నా ముఖంలోకి చూసి మెల్లిగా అడిగింది.

"మేం మీ ఇంటికి రావద్దని నువ్వు కబురెట్టినావంట గదే. మీ ఆయన సెప్పినాడు. నేనేటి తప్పు సేసినానే అమ్మా?"

నేను సంచీ కింద పెట్టి, అరుగెక్కి అమ్మ పక్కన కూర్చున్నాను.