సీమోను అద్దం

"అద్దం చూసుకున్నవా బాపూ?" నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి అడిగాడు సీమోను. స్టూలు మీది ముసలాయన తలూపాక గానీ డబ్బా కెమెరా మూత తీయలేదు. డెబ్బై నాలుగో సంవత్సరం నాటి మాట. హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండ రోడ్డు పక్కన పద్దెనిమిదేళ్లుగా ఇదే తంతు. ఓ చెక్కడబ్బా, ఫోటోలు కడిగే మందునీళ్ల బకెట్టు, గోడమేకుకు వేలాడే అరచెయ్యంత అద్దం, పళ్లూడిన దువ్వెన. ఎదుటి మనిషి అద్దం చూసుకుని సరేనంటేనే ఫోటో. ఇంత చాదస్తుడి దగ్గరికి ఎవరొస్తారని నవ్వినవాళ్లే, పెళ్లిచూపుల ఫోటోకి మాత్రం అతని దగ్గరికే వచ్చారు.

ఆ పొద్దున వెంకట్రావు వచ్చాడు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ సర్కారు ఆఫీసులో గుమాస్తాగా కుదురుకున్న మనిషి. సెలవొస్తే చాలు, మెడలో కెమెరాతో గల్లీలన్నీ తిరుగుతాడు. కవరులోంచి ఓ పెద్ద ఫోటో తీసి, "ఎలా ఉంది సీమోనూ? వారపత్రిక పోటీకి పంపుతున్నాను" అన్నాడు.

ఫోటోలో ఉన్నది ఎదురుగా జామపళ్లమ్మే కాశమ్మ. గంప పక్కన ఒరిగి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పైట జారిపోయింది. ఆ ముఖం మీద ఎండ పడిన తీరుకి సీమోను కళ్లు చెదిరాయి. తన జన్మలో అలాంటిది తీయలేదు. కాస్త అసూయ కూడా కలిగింది.

"మస్తుగ తీసినవు సారు. ఆమెకు సూపెట్టినవా?"

"రోడ్డు మీద తీసినదానికి అడిగేదేముందయ్యా?"

"రోడ్డు సర్కారుది సారు. మొఖం ఆమెది."

వెంకట్రావుకు చిర్రెత్తుకొచ్చింది. విసురుగా రోడ్డు దాటి, పత్రికకు పంపుతున్నానంటూ కాశమ్మ చేతిలో ఫోటో పెట్టాడు. చూస్తూ చూస్తూ ఆమె, ఒంటిమీద సరిగ్గానే ఉన్న పైటను ఇంకా పైకి లాక్కుంది. వెనకే వచ్చిన సీమోనుతో, "గిది పేపర్ల ఏస్తరా అన్నా? నా కొడుకు పేపర్ సదువుతడు" అంది.

వెంకట్రావు తలెత్తలేకపోయాడు. ఫోటో ఆమెకే వదిలేసి, కవరులోని నెగెటివు కూడా ఆమె ఒళ్లో పెట్టేశాడు. సీమోను అద్దం తెచ్చి ఆమెకిచ్చాడు. కాశమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది, వేలితో బొట్టు దిద్దుకుంది, వీపు నిటారుగా పెట్టింది. "ఇగ తియ్యి సారు." ఎంత మంచివాడండీ సీమోను, ఆ ఫోటో కూడా వెంకట్రావుకే వదిలి తను పక్కకు జరిగాడు. సాయంత్రం అద్దం జేబులో వేసుకుని ఉప్పుగూడలోని ఇంటికి పోయాడు.

తెల్లారి లేవలేదు. నిద్రలోనే పోయాడు.

శవపెట్టె మూసేముందు ఫోటో తీయించడం వాళ్ల క్రైస్తవుల్లో ఆనవాయితీ. వేల ముఖాలు తీసినవాడికి తనదంటూ ఒక్క ఫోటో లేదు. కబురందుకుని కాశమ్మతో పాటు వచ్చిన వెంకట్రావు కెమెరా ఎత్తలేదు. "తియ్యమంటారా అమ్మా?" అని సీమోను భార్య సుందరమ్మను అడిగాడు.

"ఆగు సారు."

ఆమె వంగి భర్త తల దువ్వింది, కాలరు సరిచేసింది. గోడకు వేలాడుతున్న నిన్నటి చొక్కా జేబులోంచి అద్దం తీసి అతని ముఖానికి ఎదురుగా కాసేపు పట్టుకుంది.

"ఇగ తియ్యి."

అందరూ పెట్టె వెంట వెళ్లిపోయాక అద్దం ఖాళీ మంచం మీద ఉండిపోయింది. దాని అంచున కాశమ్మ బొట్టు వేలిముద్ర ఇంకా ఎర్రగానే ఉంది.