సన్మానం కోసం మూసిన షాపు

ఆ ఊరికంతటికీ ఉన్నది ఒకటే మందుల షాపు. అందుకని మందులాయన అందరికీ కావలసినవాడు. అంటే, ఎవరికి ఏం కావలసి వచ్చినా ఆయన్నే పిలుస్తారన్నమాట. దగ్గుకు మందిచ్చేదీ ఆయనే, అత్తాకోడళ్ల తగువు తీర్చేదీ ఆయనే, లైబ్రరీ పైకప్పు కారితే చందాలకు తిరిగేదీ ఆయనే. ఇంత చేశాక ఊరు ఊరుకుంటుందా? "ఒక్కపూటైనా షాపు మూయని మహానుభావుడు" అంటూ టౌన్ హాల్లో సన్మానం పెట్టింది. దానికోసం ఆయన షాపు మూయాల్సి వచ్చింది.

వేదిక మీద ఆయనకు చివరి కుర్చీ దక్కింది. మధ్య కుర్చీలు సభాధ్యక్షుడికీ, ఆయన చుట్టాలకూ సరిపోయాయి. అధ్యక్షుడు మైకు పుచ్చుకుని తన బాల్యంతో మొదలుపెట్టాడు. తన పెళ్లి దాకా వచ్చేసరికి, చంటిబిడ్డను భుజాన వేసుకుని టైలర్ భార్య హడావిడిగా లోపలికొచ్చింది.

"అన్నయ్యా, పిల్లకి ఒళ్లు కాలిపోతోంది. షాపుకెళ్తే తాళం వేసుంది!"

"కూర్చోమ్మా! ఆయన సేవల గురించే కదా చెబుతున్నాం," అని అధ్యక్షుడు కసిరాడు.

మందులాయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

"ఎక్కడికండీ? మీ గురించి ఇంకా మొదలే పెట్టలేదు!"

"కానివ్వండి. నా గురించి నాకు తెలుసులెండి."

షట్టర్ ఎత్తి, బిడ్డను తూచి, బరువుకు తగినంత జ్వరం మందు కొలిచి మెల్లగా పట్టించాడు. పిల్ల సగం ఆయన చొక్కా మీదే ఉమ్మేసింది. మళ్లీ కొంచెం పట్టించి, "కాసేపు ఇక్కడే కూర్చో తల్లీ. తగ్గకపోతే నేనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తా," అన్నాడు. షట్టర్ ఎత్తి ఉండటం చూసి, సభలోంచి ఒక్కొక్కరే జారుకుని వచ్చి వరుసలో నిలబడ్డారు. "ఎలాగూ తెరిచారు కదా!" అని నవ్వారు.

జనం పలచబడ్డాక ఆయన భార్య వచ్చింది, చేతిలో తళతళలాడే జ్ఞాపికతో.

"అయిపోయిందా నా సన్మానం?"

"దివ్యంగా! మీ బదులు మా తమ్ముడు అందుకున్నాడు."

ఆ బావమరిది ఏనాడూ షాపులో పుల్ల తీసి పక్కన పెట్టిన పాపాన పోలేదు.

"మాట్లాడాడా?"

"మాట్లాడకేం! మీ చేత ఈ షాపు పెట్టించింది తనేనట. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు."

"నువ్వో?"

"నేనూ కొట్టాను. పుట్టింటి పరువు మరి!"

ఆయనకు నవ్వాగలేదు. పగలబడి నవ్వబోతుంటే, బెంచీ మీంచి టైలర్ భార్య మూతి మీద వేలుంచుకుంది. బిడ్డ నుదుటన చెమట పట్టింది, కునుకు తీస్తోంది. మందులాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరిపోయేలా, చప్పుడు లేకుండా నవ్వుకున్నాడు.