వెనక కాళ్లు లేని కుర్చీలు

పెబ్బేరు సంత నాడు పొద్దున్నే యాదమ్మ కొత్త హోటల్ ముందు జనం మూగారు. తినడానికి కాదు, చూడ్డానికి.

లోపల మందపాటి గాజు బల్ల. చుట్టూ తళతళలాడే ఇనుప గొట్టాల కుర్చీలు. ఒక్కదానికీ వెనక కాళ్లు లేవు, ముందు కాళ్లే నేల మీద వెనక్కి వంగి ఉన్నాయి! గద్వాలలో పాత గెస్ట్‌హౌస్ కూల్చేస్తూ సామాను వేలం వేస్తే, యాదమ్మ ఉన్న ఒక్క జత ఎడ్లను అమ్మి పాడుకొచ్చింది.

వెల్డింగ్ ముజీబ్ తల పట్టుకున్నాడు. "అక్కా, సగం కుర్చీలు అంటగట్టిన్రు నీకు! జర ఆగు, వెనక కాళ్లు అతికిస్త."

"అతికిస్తే నీ చెయ్యి ఇరగ్గొడ్త! గవి గట్లనే ఉంటయి."

ఎడ్ల దళారి కురుమయ్య గుమ్మంలోనే ఆగాడు. మనిషి రెండు బస్తాలంత ఉంటాడు. "నేన్ కూసుంటె ఎల్లెలకల పడ్త. కింద ఇస్తరెయ్, తింట."

"కిందనా? పెద్ద పెద్ద సార్లు దర్జాగ కూసున్నరు వీటిల్ల. నీకేం తక్కువ, కురుమన్నా?"

"సార్లు గింత బరువుంటరా?"

అందరూ గొల్లుమన్నారు. గంపలో జొన్నరొట్టెలు చల్లారుతున్నాయి. ఎదుటి హోటల్ బెంచీలు నిండుతున్నాయి. ఇవ్వాళ ఎవరూ కూర్చోకపోతే యాదమ్మకు ఎడ్లూ లేవు, హోటలూ లేదు.

"ఇంతకు నువ్వు కూసున్నవా ఎన్నడన్న?" కురుమయ్య అడిగాడు.

యాదమ్మ చేతిలో గరిటెతోనే కుర్చీల వైపు తిరిగింది. ఆ గెస్ట్‌హౌస్ ఊడ్చింది తనే. ఏళ్లకేళ్లు ఈ గొట్టాలను మెరిసేదాకా తోమింది తనే. కూర్చుంటే మాత్రం ఆ పూటే పని ఊడేది. తుడిచేవాళ్లకు కుర్చీ లేదు. కూర్చునేవాళ్ల చేతికి గుడ్డ లేదు. ఏం న్యాయం ఇది?

గరిటె విసిరేసింది. ధబీమని కూర్చుంది.

కుర్చీ వెనక్కి వంగింది. "అమ్మో!" అని జనం అరిచారు. వంగింది, పడలేదు. మెల్లగా పైకి లేపింది. యాదమ్మ కళ్లు పెద్దవయ్యాయి. ఈసారి కావాలనే ఊగింది. పకపకా నవ్వింది.

"ఉయ్యాల లెక్కుందిరో!"

"జరుగున్రి, జరుగున్రి!" కురుమయ్య అందరినీ తోసుకొచ్చి కూలబడ్డాడు. గొట్టం కిర్రుమంది, నిలిచింది. ఇంకేముంది! చెప్పులు ఊడుతున్నాయి, తువ్వాళ్లు జారుతున్నాయి, కుర్చీల కోసం కొట్లాట.

"తిన్నోడు లేవాలె!"

"నేనింకా తినలే, ఊగుతున్న!"

"యాదమ్మా, రొట్టె తే!" కురుమయ్య కేకేశాడు.

"నేన్ లేవ. ముజీబూ, వడ్డించు. ముందుగాల నాకు!"

గాజు మీద పళ్లెం ఖంగుమంది. యాదమ్మ రొట్టె తుంచి, కూరలో అద్ది, తీరిగ్గా నోట్లో పెట్టుకుంది. తన వంతు వచ్చేదాకా కురుమయ్య ఊగుతూ కూర్చున్నాడు.