వేలు దూరని కొలత

దర్జీ కుట్టిన ప్యాంటు వేసుకుని బస్సెక్కినవాడు దిగేదాకా నిలబడే ఉండేవాడు. సీటు దొరక్క కాదు, కూర్చోలేక. ఒంటికీ గుడ్డకీ మధ్య గాలి దూరినా అది తన చేతకానితనమేనని దర్జీ నమ్మకం. ఆయన కస్టమర్లు తుమ్మొస్తే ముందు గుండీలు విప్పుకుంటారని ఊళ్లో చెప్పుకునేవారు. అందులో సగమే అబద్ధం.

కత్తెర తర్వాత ఆయన ప్రాణమంతా ఆదివారం సైకిలు జట్టు మీదే. జట్టులో మొత్తం పదకొండు మంది. తొమ్మిదేళ్లుగా తారురోడ్ల మీద అందరికన్నా ముందుండేది ఆయనే. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలు, సంచులు తగిలించే క్యారియరు ఉన్న దూరప్రయాణాల సైకిలు ఆయనది. దాని మీద తిరిగిన దూరమంతా కలిపితే చందమామ దాకా వస్తుందని ఆయన లెక్క. అక్కడే ఆగిపోయి ఉంటే ఇల్లు ప్రశాంతంగా ఉండేదని భార్య లెక్క.

ఆయన కొంప ముంచింది అదే జట్టులోని బావమరిది. వాడు లావు టైర్ల కొత్త సైకిలు కొని, వచ్చే ఆదివారం నుంచి కొండ వెనక అడవిబాటలో తిరుగుదామన్నాడు. జట్టంతా సై అంది.

"నీది రోడ్డు సైకిలు బావా, మట్టిలో నడవదు. ఇకమీదట ముందు నేనుంటాలే, నువ్వు వెనక మెల్లగా రా," అన్నాడు అక్క వడ్డించిన అన్నం కలుపుకుంటూ.

"నడిచేలా చేస్తా."

"సైకిలునా, నిన్నా?"

"వాణ్ని తిననివ్వండి," అంది భార్య.

"మాట్లాడేది వాడేగా."

"వాడు తింటూ మాట్లాడుతున్నాడు. మీరు మానేసి మాట్లాడుతున్నారు."

మర్నాడు దర్జీ సైకిలును మెకానిక్ ముందు నిలబెట్టాడు. మెకానిక్ కూడా జట్టులో మనిషే. చుట్టూ ఒకసారి తిరిగి చూసి చెప్పాడు.

"నడుస్తుంది మాస్టారూ, ఎందుకు నడవదు? మడ్‌గార్డులు తీసేద్దాం. పెడల్ దగ్గరి పళ్లచక్రం చిన్నది వేస్తే ఎత్తు ఎక్కుతుంది. టైర్లు కాస్త లావువి వేసి, గాలి తగ్గించి కొడదాం. రాళ్ల మీద ఎగరకుండా నేలను పట్టుకుంటాయి. ఒక్కటే మాట. టైరుకీ, దాన్ని పట్టుకునే ఫోర్కు కాళ్లకీ మధ్య రెండు పక్కలా వేలు దూరాలి."

"వేలెందుకు దూరాలి?"

"మట్టి దూరుతుంది కాబట్టి."

"చోటిస్తేనే కదయ్యా దూరేది."

దర్జీ ఇక వినేలా లేడు. మెడలో టేపు తీసి, ఫోర్కు సందును మూడుసార్లు కొలిచి, ఆ సందుకు సరిగ్గా సరిపోయే టైర్లు ఏరి తెచ్చుకున్నాడు. బిగించాక పక్కల పోస్టుకార్డు దూరేంత చోటు మిగిలింది. చక్రం గిర్రున తిప్పి చెవి దగ్గర పెట్టి విన్నాడు.

"తగల్లేదుగా?"

"ఇక్కడ తగల్దు మాస్టారూ. ఇది షాపు."

శనివారం సాయంత్రం వాన పడింది.

ఆదివారం బాట మొదట్లోనే దర్జీ అందరికన్నా ముందు దూరాడు. ఒక్క సైకిలు పట్టేంత దారి, అటూ ఇటూ ముళ్లపొదలు. మొదటి వంద గజాలు సైకిలు వెన్నలో కత్తిలా సాగింది. చిన్న పళ్లచక్రం ఎత్తు ఎక్కించింది, మెత్తటి టైరు రాళ్లను పట్టుకుంది. దర్జీ వెనక్కి తిరిగి నవ్వాడు కూడా. ఆ నవ్వు ముగియకముందే ఎర్రటి బంకమన్ను టైరుకీ ఫోర్కుకీ మధ్య దూరి గట్టిగా బిగుసుకుంది. ఆ బిగింపు చూస్తే దర్జీయే దగ్గరుండి కుట్టాడనిపించేది. చక్రం ఆగింది. వెనక పదిమందీ ఆగారు.

"ఈ చెట్టు చూశారా, ఎంత పాతదో," అన్నాడు దర్జీ, జేబులోంచి కత్తెర తీసి మన్ను గోకుతూ.

అందరూ చెట్టు చూశారు. పది గజాలకు మళ్లీ ఆగితే రాయి చూశారు. ఇంకో పది గజాలకు పుట్ట చూశారు. ఆరోసారి చూపించడానికి ఏమీ దొరక్క దర్జీ ఆకాశం చూపించాడు.

"ఇది ఇంటి దగ్గరా ఉంది కదండీ," అన్నాడు జట్టులోని పళ్ల డాక్టరు.

"బావా, పక్కకి జరిగితే మేం కొండ చూస్తాం," అన్నాడు బావమరిది.

దర్జీ కత్తెర మన్నులో గుచ్చాడు. కత్తెర కూడా ఇరుక్కుంది. తలెత్తితే పదిమందీ తనవంకే చూస్తున్నారు. ముప్పై ఏళ్ల షాపులో ఏ కస్టమరుతోనూ అనని మాట ఆయన నోటి నుంచి వచ్చింది.

"కొలత తప్పింది," అన్నాడు చివరికి. "నాదే."

సైకిలు ఎత్తి ముళ్లపొదలోకి జరిగాడు. ఒక్కొక్కరే ఆయన్ని దాటిపోయారు. పోతూ పోతూ తలా ఒక ఓదార్పు మాట పారేశారు. ముళ్లకన్నా అవే ఎక్కువ గుచ్చుకున్నాయి.

దర్జీ సైకిలు భుజాన వేసుకుని వెనకే నడిచాడు. మలుపు తిరిగేసరికి బాట వాగులోకి దిగుతోంది. అక్కడ మోకాటి లోతు బురద. ముందున్న బావమరిది జోరుగా దిగి మొదట పడ్డాడట. బ్రేకు వేసే తీరిక లేక మిగతావాళ్లు వరసగా వాడి మీదే పడ్డారు. ఎవరి కాలు ఎవరిదో, ఏ చక్రం ఏ సైకిలుదో పోల్చుకోడానికి అరగంట పట్టింది. ఆ రోజు పొడిబట్టలతో ఇల్లు చేరింది దర్జీ ఒక్కడే.

వారం తిరిగేసరికి ఆయన సైకిలుకు కొంచెం సన్నటి టైర్లు పడ్డాయి. ఇప్పుడు సందులో వేలు దూరుతుంది. మెకానిక్ వేలు సన్నమని, తన బొటనవేలే పెట్టి చూసుకున్నాడు.

ఆదివారం బాట మొదట్లో జట్టంతా నిలబడి ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటున్నారు.

"మీరు పదండి."

"అబ్బే, మీ తర్వాతే."

"నువ్వే పద బావా," అన్నాడు బావమరిది, చేతిమీద పట్టీ సర్దుకుంటూ. "అనుభవం ఉన్నవాడివి."

దర్జీ రెండోసారి అనిపించుకోలేదు. ముందు నడిపాడు. మన్ను దూరింది, దూరిన దారినే రాలిపోయింది, చక్రం ఆగలేదు. వాగు దగ్గరికి రాగానే దర్జీ సైకిలు దిగి, ప్యాంటు మోకాళ్లపైకి మడిచి, నడిపించుకుంటూ బురద దాటాడు.

వెనక పదిమందీ దిగి ప్యాంట్లు మడిచారు.