గెర్లిండిస్ ఆవు

నేను ఒక గొర్రె తోలును. నన్ను సున్నపు నీళ్లలో నానబెట్టి, చట్రానికి బిగించి, వంకర కత్తితో బొచ్చంతా గీకారు. ఇదంతా ఒక మఠంవాళ్లు తమ ఆస్తి ఎంతో నా మీద రాసుకోవడానికే. వెయ్యేళ్లకు పైగా కిందట, ఐరోపాలో ఫ్రాంకు రాజుల కాలం నాటి మాట. నది ఒడ్డున ఆ మఠం, దాని కింద కొన్ని పల్లెలు. ఏ ఇంట్లో ఎన్ని ఎడ్లున్నాయో, ఎన్ని పందులున్నాయో, మఠానికి ఎన్ని గుడ్లు ఇవ్వాలో కూడా రాసేవాళ్లు. కోళ్లకు మాత్రం ఆ సంగతి తెలియదు.

నన్ను పట్టుకుని ఊరూరా తిరిగినవాడు హిల్డెమార్ అనే సన్యాసి. అతని పక్కన మఠం పొలాల మీద పెత్తనం చేసే ఓడో. ఓడో చెబితే హిల్డెమార్ రాసేవాడు. గెర్లిండిస్ ఇంటి ముందు ఆ పని ఆగిపోయింది.

ఆమె భర్త మఠానికి బానిస. ఆ చలికాలంలోనే చనిపోయాడు. కాబట్టి ఆమే కాదు, పిల్లలూ బానిసలేనని, కొట్టంలో ఉన్న ఆవు మఠానిదని ఓడో తేల్చేశాడు. గెర్లిండిస్ గుమ్మంలోంచి కదలలేదు. తాను స్వతంత్రుల ఇంట పుట్టానని, తల్లి స్వతంత్రురాలైతే పిల్లలూ స్వతంత్రులేనని, బట్ట నేసి ఇచ్చి ఆ ఆవును కొనుక్కున్నానని చెప్పింది. సాక్ష్యం అడిగితే ఇరుగుపొరుగువాళ్లు తలలు దించుకున్నారు. చివరికి పందులు కాసే ముసలి ఫ్రామ్నేర్ ముందుకొచ్చి, శిలువ మీద చెయ్యి వేసి అది నిజమేనన్నాడు. హిల్డెమార్ రాశాడు: 'గెర్లిండిస్, స్వతంత్రురాలు. ఒక ఆవు, ఆమెదే.'

మఠానికి తిరిగి వెళ్లాక, ఎవరూ లేనప్పుడు ఓడో ఆ వరుసను గీకేసి, ఆవును తోలుకొచ్చేశాడు. నాకు కత్తులు కొత్త కాదు. సిరా అప్పటికే నా లోపలికి దిగిపోయింది. వాడు గీకింది పైపొరనే.

గెర్లిండిస్ ఆవు వెనకే నడుచుకుంటూ వచ్చి, తన పేరున్న చోటు చదివి వినిపించమని మఠాధిపతిని అడిగింది. అక్కడేమీ లేదన్నాడు ఓడో. హిల్డెమార్ నన్ను కిటికీ దగ్గర ఎత్తి పట్టుకున్నాడు. వెలుగులో అక్షరాలు గోధుమరంగులో తేలాయి. అతను చివరిదాకా పైకి చదివాడు.

ఓడో మఠాధిపతికి మేనల్లుడు. అయినా పెద్దాయన గెర్లిండిస్‌తో ఆవును తోలుకుపొమ్మన్నాడు.

"మళ్లీ రాయించండయ్యా," అంది ఆమె.

"ఆవు నీకొచ్చేసిందిగా."

"ఆవు ఎన్నాళ్లుంటుందయ్యా. నా పిల్లలు ఎవరికీ బానిసలు కారని అందులో ఉండాలి. నల్లగా రాయించండి."

రాయించక తప్పలేదు. చదవడం రాకపోయినా, సిరా ఆరేదాకా ఆమె అక్కడే నిలబడింది. హిల్డెమార్‌ను మాత్రం ఆ తర్వాత రాత పని మాన్పించి వంటశాలకు పంపారు. అతనికి అది పెద్ద బాధగా ఉన్నట్టు నాకనిపించలేదు.

ఇప్పుడు ఆ మఠం లేదు. నన్ను ఒక మ్యూజియంలో గాజు కింద పడుకోబెట్టారు. పక్కన చిన్న చీటీ పెట్టారు: 'మఠం పశుసంపద జాబితా'. జనం అది చదివి, తలూపి వెళ్లిపోతున్నారు.

నేను ఒప్పుకోను. కాస్త వంగి చూడండి. చివరి వరుసలో, రెండుసార్లు రాసినచోట, సిరా దట్టంగా ఉంటుంది. అది మఠం ఆవు కాదు.