ఏటి తప్పు

2023 జూన్ 17, శనివారం. పొద్దున్న పదింటికే ఎండ నలభై దాటింది. వానల జాడ లేదు. ఉక్కు ప్లాంటు కాలనీ రుఆబాంధా మీద ఆకాశం బూడిదరంగులో బిగుసుకుని ఉంది. పరబ్రహ్మం మేష్టారు ఆంధ్ర సంఘం హాలు తాళం తీసి, కిటికీలు తెరిచి, బోర్డు తుడిచి, కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న పన్నెండుమంది పిల్లల్ని శత్రువుల్ని చూసినట్టు చూశాడు.

ఆయన ప్లాంటులో పట్టాల తనిఖీలో ముప్ఫై ఆరేళ్ళు చేసి ఆఫీసరుగా రిటైరై దిగాడు. ఇనుములో పగుళ్ళు వెతకడం అప్పటి ఉద్యోగం. దిగాక పిల్లల రాతలో వెతుకుతున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా శని ఆదివారాల తెలుగు తరగతి ఆయనదే. వచ్చేవాళ్ళు ఐదు నించి ఏడేళ్ళ వయసు పిల్లలు. బళ్ళో హిందీ, వీధిలో హిందీ, ఇంట్లో సగం హిందీ. అందుకని తెలుగు మాటకి కూడా నెత్తిన అడ్డగీత గీసేస్తారు. ఆ గీత కనపడితే మేష్టారు పలక లాక్కుని తడిగుడ్డతో తుడిచేసేవాడు.

"తెలుగు అక్షరానికి తలకట్టు ఉంటుంది. దండెం ఉండదు," అనేవాడు.

బోర్డు సంగతి అక్కడ అందరికీ తెలిసిందే. చూసి రాసింది కాకుండా, పిల్ల తన నోటితో కూడబలుక్కుని తన చేత్తో సరిగ్గా రాసిన మాట దాని మీద నిలవదు. వస్తువై కింద పడుతుంది. 'ఈక' రాస్తే ఈక, 'ఉప్పు' రాస్తే పిడికెడు ఉప్పు. 2011లో కాబోలు, ఒక పిల్ల 'ఆవు' అని రాసింది. దాన్ని గుమ్మం దాటించడానికి నలుగురు కావలసి వచ్చారు. ఆ ఆవు తరవాత చాలాకాలం మరోదా రోడ్డు మీద తిరిగింది, రెండు ఈతలు ఈనింది కూడా. అప్పటినించి 'పులి' పాఠం నోటితోనే చెప్పి ఊరుకుంటున్నారు. హాలు ఊడ్చే పైడమ్మ ఒక్కతే సణిగేది. "ఏటి మేష్టారూ, ఎప్పుడూ ఉప్పేనా? బెల్లమని రాయించరాదా?"

అయితే మేష్టారి పిల్లలకి రెండేళ్ళుగా ఈక కూడా రాలలేదు. ఆయన ఒక్కో మాట రెండు వందలసార్లు చూసి రాయించేవాడు. రాత ముత్యాల్లా ఉండేది, నేల శుభ్రంగా ఉండేది. నేల మురికి అయినదల్లా సంఘం వాళ్ళు సాయానికని వెరోనికాని పెట్టాకే. కూలీల బస్తీ మరోదా పిల్ల, బీఎడ్ చదివింది. వాళ్ళ నాన్న విలియం పలాస నించి వచ్చి కొలిమి దగ్గర పనిచేసినవాడు. ఈమె పిల్లల్ని "మీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగి, ఆ మాటని చప్పట్లతో ముక్కలు చేయించి, ఒక్కో ముక్కకి అక్షరం వెతికించేది. బోర్డులో ఆమె సగం కింద చీపురు, బొగ్గు, ఓ కాలి చెప్పు, ఎవరివో కళ్ళజోళ్ళు పోగుపడ్డాయి.

"నువ్వు నేర్పేది తెలుగు కాదమ్మాయ్. కూలీల గోల," అన్నాడాయన ఒకరోజు, పిల్లల ముందే.

"మా నాన్న మాట్లాడిందదే సార్. మీ ప్లాంటు లేచింది కూడా ఆ గోలతోనే," అంది వెరోనికా.

అప్పటినించి ఇద్దరూ ఒకరి సుద్దముక్క ఒకరు ముట్టుకోలేదు.

ఆ శనివారం తేలవలసింది ఒక్కటే. తరగతికి ఇద్దరు మేష్టర్లు అనవసరమని, ఉంటే ఒక్కరే ఉండాలని సంఘం కార్యదర్శి మనోజ్‌కుమార్ అన్నాడు. పరబ్రహ్మానికి డెబ్భై ఆరు. తను ఓపికున్నంతకాలం చెప్పి, ఆపైన తరగతిని కూతురు ఇందుమతికి అప్పగించాలని ఆయన పట్టుదల. పద్దెనిమిదేళ్ళు కాపలా కాసిన మాటని మరోదా చేతిలో పెట్టడం కన్నా హాలుకి తాళం వేసి తాళంచెవి శివనాథ్ నదిలో పారేయడం నయం అనుకునేవాడు.

పదకొండింటికి మనోజ్‌కుమార్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "చలియే సర్. ఇద్దరి బచ్చాలూ చెరో మాట రాస్తారు. ఏది వస్తే వాళ్ళది క్లాసు. ఝంఝట్ వద్దు."

మేష్టారు మనవరాలు శ్రీవిద్యని లేపాడు. ఇందుమతి కూతురు, ఏడేళ్ళది. 'ఈక' రాయమన్నాడు. ఆ పిల్ల నాలుక బయటపెట్టి, కొలిచినట్టు, అచ్చులో పోసినట్టు రాసింది. అందరూ నేల వైపు చూశారు. ఏమీ పడలేదు.

"ఫ్యాన్ గాలికి ఎటో పోయి ఉంటుంది," అన్నాడు మేష్టారు.

"కరెంటు లేదండి," అంది పైడమ్మ.

వెరోనికా తరఫున క్యాథరిన్ లేచింది. క్రేన్ నడిపే విన్సెంట్ కూతురు, ఆరేళ్ళది. మాట తానే ఇస్తానన్నాడు మేష్టారు. ఇచ్చాడు. "ఏమిటి. ఆ మాట రాయి."

ఇందులో ఆయన ఎత్తు ఉంది. 'ఏమిటి' అన్నది ఉత్త ప్రశ్న, సరిగ్గా రాసినా రాలడానికి అందులో వస్తువు లేదు. పైగా ఈ పిల్ల సరిగ్గా రాయదు, ఇంట్లో అనేట్టు 'ఏటి' అని రాస్తుంది. ఆ 'ఏటి' ఎలాంటిదో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నాగావళి ఒడ్డునించి విజయనగరం కాలేజీకి వచ్చినప్పుడు హాస్టలు కుర్రాళ్ళు "ఏటిరా, ఏటి?" అంటూ మెస్సు దాకా వెంటపడేవారు. ఆర్నెల్లు అద్దం ముందు నిలబడి 'ఏమిటి, ఏమిటి' అని నాలుక తిప్పుకున్నాడు. ఆ తరవాత యాభై ఏడేళ్ళలో ఒక్కసారి జారలేదు. తల్లి పోయిన రోజున కూడా జారలేదు.

క్యాథరిన్ "ఏ" అని ఓ చప్పట, "టి" అని ఓ చప్పట చరిచి, రెండక్షరాలు రాసింది. పైన ఈ చివరినించి ఆ చివరికి హిందీ గీత లాగింది.

మేష్టారికి లోపల పండగయింది. "తప్పు. రెండు తప్పులు. కూర్చో."

క్యాథరిన్ కూర్చోలేదు. "ఏటి తప్పు?" అంది.

అడ్డగీత కింద తడి మెరిసింది. చూరునించి కారినట్టు నీళ్ళు బొట్లుబొట్లుగా దిగి, ధార కట్టి, మేష్టారి చెప్పుల కిందికి వచ్చాయి. వాటితో సన్నని ఇసుక దిగింది, తడిసిన ఒండ్రు వాసన దిగింది, వేలెడంత చేపపిల్ల ఒకటి దిగి నేలమీద గిలగిల కొట్టుకుంది. ఆ ఎండలో హాలంతా ఒక్కసారి చల్లబడింది. మేష్టారు వంగి ఇసుక వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఏటిది," అన్నాడు.

గొంతు ఆయనది. యాస వాళ్ళమ్మది.

"సర్ భీ ఏటి బోలే," అంది క్యాథరిన్ పక్క పిల్లతో.

మేష్టారు లేచి నిలబడ్డాడు. "ఏరు అన్న మాటకి ఔపవిభక్తికం అది. ఏటి గట్టు, ఏటి నీరు. బోర్డు దాన్ని ఏరనే తీసుకుంది, ప్రశ్న అనుకోలేదు. అంటే నేను చెప్పిందే నిజం."

"ఔప్... క్యా?" అన్నాడు మనోజ్‌కుమార్.

"వచ్చిందా లేదా సార్, అది చెప్పండి," అంది వెరోనికా.

"చెప్పనక్కర్లేదు. నువ్వు నీళ్ళలో నిలబడ్డావు," అన్నాడు మేష్టారు.

మనోజ్‌కుమార్ ప్యాంటు మడిచి పైకి లాక్కున్నాడు. "ఆ గయా సర్. బాత్ ఖతమ్."

పరబ్రహ్మం మళ్ళీ ఆ హాల్లోకి రాలేదు. రోడ్డు మీద ఎదురుపడితే వెరోనికా నమస్కారం పెట్టేది, ఆయన గొడుగు అడ్డం పెట్టుకునేవాడు. మరుసటి మార్చిలో పోయాడు.

వైశాలి నగర్‌లో ఆయన ఇల్లు ఇందుమతికి వచ్చింది. వ్యాకరణ పుస్తకాలు, నిఘంటువులు సంఘానికి రాశాడు, వెరోనికా ముట్టుకోకూడదన్న షరతుతో. మనోజ్‌కుమార్ వాటిని ఇనపబీరువాలో పెట్టాడు. తరగతి, హాలు తాళంచెవి, కుర్చీ వెరోనికావి అయ్యాయి. ఇసుక పైడమ్మ బకెట్లో పట్టుకెళ్ళి గిన్నెలు తోముకుంది. చేపపిల్లని క్యాథరిన్ హార్లిక్స్ సీసాలో పెంచింది, ఇప్పుడు తొట్టిలో ఉంది. తండ్రి పోయాక కూడా ఇందుమతి పంతం విడవలేదు, కూతుర్ని మరోదా మనిషి దగ్గరికి పంపనంది. తాత పెన్ను శ్రీవిద్యకే అని వీలునామాలో ఉంది గాని, వెతికితే అది దొరకలేదు. ఆ పిల్ల రాత ఇప్పటికీ ముత్యాల్లా ఉంటుంది. శ్రీవిద్యకి ఏమీ రాలేదు.