కదలని టగ్గు

ఓడల పొగను లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. అలాగని పొగగొట్టం దగ్గరికి వెళ్లి ముక్కు పెట్టక్కర్లేదు. రేవు కాలువలో తిరిగే ప్రతి ఓడా తానెక్కడుందో, ఎంత వేగంతో పోతోందో సిగ్నల్ పంపుతూనే ఉంటుంది. ఆ వేగాన్ని బట్టి ఇంజను ఎంత మండిందో, ఎంత పొగ కక్కిందో కంప్యూటరు అంచనా వేస్తుంది. ఆగిన ఓడకు పెద్ద ఇంజను పొగ సున్నా అని దాని లెక్క.

ఆ తెర మీదే ఆమె మొగుడు దొరికిపోయాడు.

అతను నడిపేది టగ్గు, పెద్ద ఓడలను లాగి, నెట్టి రేవుకు చేర్చే పొట్టి పడవ. ఇంటికి రాగానే కుర్చీలో కూలబడి, "ఇవాళంతా ఇంజను ఫుల్లు మీదే. నడుం విరిగిపోయింది" అంటాడు. తెర మీద చూస్తే టగ్గు మధ్యాహ్నమంతా పాత రేవులో, క్యాంటీన్ ఎదురుగా, అంగుళం కదలకుండా ఉంటుంది. ఒక రోజైతే పోనీలే అనుకోవచ్చు. వారమంతా అదే తంతు. పైగా ఆ క్యాంటీన్ ఆవిడ నవ్వితే బుగ్గలు సొట్టలు పడతాయని అతనే ఓసారి నోరుజారాడు. అనుమానానికి ఇంతకన్నా మేత కావాలా!

"నా చెవిలో పువ్వులు పెడుతున్నాడక్కా" అని ఫోన్లో ఏడ్చింది.

"ఏదేదో ఊహించుకోకు. అడిగెయ్" అంది అక్క.

"అడిగితే చెప్తాడా? మెషీన్ అబద్ధమాడదు కదా. నిజమని తేలితే నీ దగ్గరికొచ్చేస్తా."

మర్నాడు టగ్గు ఆగగానే ఆఫీసులో తలనొప్పని చెప్పి పాత రేవుకు పరుగెత్తింది.

క్యాంటీన్‌కి తాళం. ఎదురుగా మేడంత సరుకు ఓడ. దాని పక్కకు ముక్కు ఆనించి టగ్గు శక్తికొద్దీ నెడుతోంది, వారంగా వీస్తున్న ఈదురుగాలికి ఓడ తాళ్లు తెంచుకుని కొట్టుకుపోకుండా. ఆ హోరుకు గట్టు అదురుతోంది. గొట్టంలోంచి నల్లటి పొగ గుప్పుగుప్పున లేస్తోంది. టగ్గు మాత్రం అంగుళం కదలడం లేదు.

ఆమెకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మొగుడి సంగతిలోనే కాదు, పొగ లెక్కలోనూ పప్పులో కాలేసింది.

పని ముగిశాక అతను చెమటలు కక్కుతూ దిగాడు. "ఏంటిలా వచ్చావ్?"

దాచుకోలేక అంతా చెప్పేసింది. నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

"అంటే రోజూ నన్ను కాపలా కాస్తున్నావన్నమాట" అన్నాడు.

లెక్క సరిదిద్దడం ఎంతసేపు! పాత రేవు పొగ ముందు అనుకున్నదానికి మూడింతలని తేలింది. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

ఇప్పుడు టగ్గు ఆగినప్పుడల్లా ఆమె ఫోను మోగుతుంది. వెనక ఇంజను హోరు.

"ఆగాను. చూసుకున్నావా?" అని పెట్టేస్తాడు.

ఇంటికొచ్చాక నడుం నొప్పని చెప్పడం మాత్రం మానేశాడు.